ఒక బాయిలరు, ఆరు స్పెల్లింగులు

మా కంపెనీ పేరు తెలుగులో ఒకటే: శ్రీ అమృతఫలం. ఇంగ్లీషులో ఆరు. తెలుగులో శ్రీ అని ఒక్క అక్షరం రాసేసి ముందుకు పోవచ్చు. ఇంగ్లీషులో దాన్ని నాలుగు రకాలుగా రాయవచ్చని, ఏ రకంగా రాస్తే ఆ రకం లాభం వస్తుందని ఈ ఉద్యోగంలో చేరేదాకా నాకు తెలియదు. మాకు బి.కాం. పాఠాలు చెప్పినవాళ్లెవరూ ఈ సంగతి చెప్పలేదు.

నా పేరు దొరస్వామి. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. కంపెనీ సెక్రటరీ వైకుంఠంగారికి సహాయకుణ్ణి. సభల్లో ఎవరేమన్నారో రాయడం, ఎవరూ ఏమీ అననట్టుగా ఆయన దాన్ని దిద్దాక మళ్లీ శుభ్రంగా రాయడం నా పని.

కంపెనీ అంటే చిత్తూరు దగ్గర ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ. తోతాపురి కాయ లోపలికి వస్తుంది, గుజ్జు డబ్బాల్లో బయటికి పోతుంది. ఫ్యాక్టరీ పెట్టినప్పుడు చుట్టుపక్కల తోటలవాళ్లే తలా కొన్ని షేర్లు కొన్నారు. మన కాయ, మన ఫ్యాక్టరీ అనుకున్నారు. మొదట్లో బాగానే నడిచింది. తర్వాత నష్టం మొదలైంది. గుజ్జు వడకట్టే జల్లెడ చిరిగిందని, పీచు డబ్బాల్లోకి పోతోందని, కొన్నవాళ్లు సరుకు తిప్పి పంపుతున్నారని షెడ్డులో పనిచేసే ఆడవాళ్లందరికీ తెలుసు. అయితే మా చైర్మన్ పురుషోత్తంగారు అంత చవకైన కారణాన్ని నమ్మే మనిషి కాదు. ఆయన సంఖ్యాశాస్త్ర సలహాదారును పిలిపించారు.

ఆ సలహాదారు పేరు డాక్టర్ వాచస్పతి. ఏ డాక్టరో నేను అడగలేదు. ఆయన కంపెనీ పేరులోని ఇంగ్లీషు అక్షరాలకు అంకెలు వేశారు, కూడారు, కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

"ఎనిమిది వచ్చిందండీ. ఎనిమిదంటే శని. చిరిగింది జల్లెడ కాదు, పేరు" అన్నారు.

శ్రీలో ఐ తీసేసి రెండు ఈలు పెట్టమన్నారు. పేరు మార్పుకు దరఖాస్తు చేస్తే అనుమతి వచ్చేలోగా ముహూర్తం దాటిపోతుంది. అందుకని వైకుంఠంగారు కొత్త స్పెల్లింగుతో ఏకంగా కొత్త కంపెనీయే రిజిస్టరు చేయించారు. పాతదాన్ని మూసేద్దామా అంటే, మూయడం అనే మాటే అశుభమన్నారు డాక్టరుగారు. అదలా తెరిచే ఉంది. కొత్త కంపెనీకీ నష్టమే వచ్చింది, జల్లెడ పాతదే గనక. అప్పుడు రెండు ఈలలో ఒకటి తీసి మధ్యలో హెచ్ పెట్టాం. తర్వాత ఫలంలో పీహెచ్ తీసి ఎఫ్ పెట్టాం. అలా ఆరు కంపెనీలయ్యాయి. భూమి మొదటి స్పెల్లింగులో, కరెంటు మీటరు రెండోదాంట్లో, నష్టాలు మూడోదాంట్లో, డబ్బా మీది లేబులు నాలుగోదాంట్లో, గేటు మీది బోర్డు అయిదోదాంట్లో ఉండిపోయాయి. ఆరోదాంట్లో ఇంకా ఏమీ లేదు కాబట్టి, అన్నిటికన్నా అదే ఆరోగ్యంగా ఉందని వార్షిక నివేదికలో రాశాం.

షేర్‌హోల్డర్ల రిజిస్టరు మాత్రం ఒక్కటే. పుస్తకం అదే, పైన అట్ట మారుస్తూ వచ్చాం. అందులో పేరున్నవాళ్లు ఆరు కంపెనీలకూ యజమానులేనని ఒక తీర్మానం కూడా చేశాం.

ఇంతవరకు ఎవరికీ ఇబ్బంది లేదు. బాయిలర్ ఇన్‌స్పెక్టరు వచ్చిన రోజున మొదలైంది.

కాయ ముదురుతున్న రోజులవి. ఏటా సీజనుకు ముందు ఇన్‌స్పెక్టరు వచ్చి బాయిలరు చూసి సర్టిఫికెట్ ఇవ్వాలి. అది లేకుండా మంట పెట్టకూడదు. మంట లేకపోతే ఆవిరి లేదు, ఆవిరి లేకపోతే గుజ్జు లేదు. ఒక ఏడాది ఇలాగే ఫ్యాక్టరీ తెరవడం ఆలస్యమైతే రైతులు ట్రాక్టర్ల కొద్దీ కాయ తెచ్చి రోడ్డు పక్కన పారబోసి పోయారు. ఆ వాసన ఆఫీసులో వానలు పడేదాకా పోలేదు.

ఇన్‌స్పెక్టరు సుందరరాజుగారు బాయిలరు చుట్టూ తిరిగారు, తట్టారు, చెవి పెట్టి విన్నారు. "బాగుంది. ఎవరిది?" అన్నారు.

"కంపెనీదే సార్" అన్నాను.

"ఏ కంపెనీ?"

"శ్రీ అమృతఫలం సార్."

"స్పెల్లింగ్ చెప్పవయ్యా."

నేను వైకుంఠంగారి వైపు చూశాను. వైకుంఠంగారు గోడ వైపు చూశారు. ఇన్‌స్పెక్టరు బాయిలరు మీది పలక చదివారు, తర్వాత లైసెన్సు, తర్వాత బీమా కాగితం, తర్వాత కిందటేటి సర్టిఫికెట్. నాలుగింట్లోనూ నాలుగు స్పెల్లింగులు.

"నేను తనిఖీ చేసింది ఒక బాయిలరు. మీ కాగితాల ప్రకారం నలుగురు యజమానులకు నాలుగు బాయిలర్లు ఉండాలి. మిగతా మూడు ఎక్కడ పెట్టారు?"

"లేవు సార్. ఇదొక్కటే."

"లేవంటే కుదరదు. కాగితంలో ఉన్నాయి." ఆయన తన పుస్తకంలో 'మూడు బాయిలర్లు కనబడలేదు' అని రాసుకున్నారు. "షేర్‌హోల్డర్లంతా సభ పెట్టి, ఇది ఫలానావారి బాయిలరు, మిగతా మూడూ లేవు అని తీర్మానం చేసివ్వండి. అప్పుడు సంతకం పెడతాను. అందాకా అగ్గిపుల్ల గీశారో, ఫ్యాక్టరీకి సీలు వేస్తాను."

ఆయన జీపు గేటు దాటకముందే మా కంపెనీలో మూడు బాయిలర్లు పోయాయన్న వార్త తోటలన్నీ చుట్టేసింది. మర్నాడు పొద్దున్నే పాతికమంది రైతులు ఆఫీసులో ఉన్నారు. ముందు రెడ్డెప్ప. ఆయనకు పది ఎకరాల తోట, గట్టి గొంతు ఉన్నాయి. వెనక చెంగమ్మవ్వ. ఆవిడకు కొండవాలులో కాస్త తోట ఉంది, మొగుడు పోతూ పోతూ కొనిపెట్టిన షేర్లున్నాయి. వక్కాకు నములుతూ కుర్చీ వద్దని నేల మీదే కూర్చుంది.

"మూడు బాయిలర్లు యాడికి పంపిచ్చినారు సార్?" అన్నాడు రెడ్డెప్ప.

"ఉన్నది ఒక్కటే అన్నా" అన్నాను.

"ఉండేది ఒగటే అని మాకూ కనపడతా ఉండాది లేబ్బా. మేమడిగేది పోయిన మూడు గురించి!"

వైకుంఠంగారు లేచి గొంతు సవరించుకున్నారు. "గౌరవ సభ్యులు గమనించవలసినది ఏమనగా, లేని బాయిలర్లు పోవుటకు అవకాశము లేదు. అయితే అవి లేవని ధ్రువీకరించుటకు కూడా ప్రస్తుతానికి అవకాశము లేదు. విషయము పరిశీలనలో ఉన్నది."

"ఏమంటాండాడు?" అంది చెంగమ్మవ్వ.

"ల్యా అంటాండాడవ్వా. ల్యా అని చెప్పేదానికి గూడా ల్యా అంటాండాడు" అన్నాడు రెడ్డెప్ప. మళ్లీ మా వైపు తిరిగాడు. "ఆరు పేర్లు ఎందుకు సామీ ఒగ ఫ్యాక్టరీకి? మా పక్కూర్లో దొంగసారా కాసేవోడు గూడా ఇన్ని పేర్లు పెట్టుకోల్యా! ఒగ పేరుతో మా కాయ తీసుకునేది, ఇంగో పేరుతో అమ్ముకునేది, ఇంగో పేరు మీద నష్టమని చూపించేది. మేం తెలివిలేనోళ్లమని అనుకుంటాండారా?"

చైర్మన్‌గారు నొచ్చుకున్నారు. "ఒక్క పైసా నేను తిన్నానని నిరూపించు రెడ్డెప్పా."

ఆయన తినలేదు. ఆ మాట నేను ఎక్కడైనా ప్రమాణం చేసి చెప్పగలను. తిని ఉంటే ఎంత బాగుండేదో అని కూడా ఆ రోజుల్లో అనుకున్నాను. మోసం చేసినవాడికి ఏది ఎక్కడ దాచాడో గుర్తుంటుంది. పట్టుకుని గట్టిగా అడిగితే చెబుతాడు. మా కంపెనీలో అడిగితే చెప్పగలిగినవాడు ఒక్కడూ లేడు. రైతులు మా ముఖాల్లో దొంగతనం వెతుకుతున్నారు. అంత తెలివి మాకుందని వాళ్లు అనుకోవడం ఒక రకంగా గౌరవమే.

సభ గుజ్జు షెడ్డులోనే పెట్టారు. ఎజెండాలో ఒకే అంశం: బాయిలరు ఎవరిది. కానీ చైర్మన్‌గారు అంతకంటే ముందు డాక్టర్ వాచస్పతిని మాట్లాడమన్నారు.

"కంపెనీ పేరు ఇప్పుడు అద్భుతంగా ఉంది" అన్నారు డాక్టరుగారు మైకులో. "ఆరో స్పెల్లింగులో దోషమన్నదే లేదు. అయినా ఈ కష్టాలేమిటని రాత్రంతా కూర్చుని షేర్‌హోల్డర్ల పేర్లు కూడి చూశాను. అయ్యా, పల్లకీ బంగారంది. మోసేవాళ్ల పేర్లే బాగాలేవు! మీలో ముప్పాతికమంది ఎనిమిదులు. మిగతావాళ్లు నాలుగులు, అంటే రాహువు."

"ఎనిమిదంట్రా నువ్వు" అని వెనక ఎవరో ఎవర్నో పొడిచారు. షెడ్డంతా నవ్వింది.

రెడ్డెప్ప లేచాడు. "మేం బాయిలర్ల లెక్క అడగతా ఉంటే నువ్వు మా పేర్ల లెక్క చెప్తాండావే!"

డాక్టరుగారు ఆయన్ను జాలిగా చూశారు. "మీ బోర్లు ఎండిపోయాయి కదూ?"

"మూడు" అన్నాడు రెడ్డెప్ప, మెల్లగా.

మా జిల్లాలో బోరు ఎండనివాడు బోరు వేయనివాడొక్కడే. అది రెడ్డెప్పకూ తెలుసు. అయినా ఆయన కండువా భుజం మీంచి తీసి చేతిలో పట్టుకుని, "ఏం కలపాలంటారు నా పేర్లో?" అన్నాడు.

ఇంకొక డి కలపాలన్నారు.

ఆదర్శంగా ఉండాలని చైర్మన్‌గారు అందరికంటే ముందు తన పేరులో ఒక హెచ్ చేర్చుకుని, రిజిస్టరులో పేరు మార్చమనే దరఖాస్తు మీద సంతకం పెట్టారు. రైతులంతా చప్పట్లు కొట్టారు. తర్వాత తోసుకున్నారు. మూడు బాయిలర్లు తెచ్చి ముందు పెట్టమని వచ్చినవాళ్లు, నాకొక ఏ ఇవ్వండి సార్, మా అల్లుడికి కూడా ఒకటివ్వండి, ఉత్త ఏ కాకుండా కాస్త పెద్దది ఏదైనా చూడండి అని బతిమాలడం నేను చూశాను. సిబ్బంది కూడా మార్చుకోవాలని ఆర్డరు వచ్చింది. నా పేరు మధ్యలోకి ఒక ఐ వచ్చి కూర్చుంది. ఇంటికి పోయి డిగ్రీ సర్టిఫికెట్ తీసి చూసుకుంటే, అది ఇంకెవరో కుర్రవాడు కష్టపడి పాసయినట్టు అనిపించింది.

వరసలో చివరన చెంగమ్మవ్వ వచ్చింది.

"పేరు ఇంగ్లీషులో ఎలా రాస్తారమ్మా?" అన్నారు డాక్టరుగారు.

"తెలుగులోనే రాయను నాయనా. ఇదీ నా సంతకం." సిరా దిండు మీద వేలు అద్ది కాగితం మీద ఒత్తింది.

డాక్టరుగారు కాగితాన్ని ఇటు తిప్పారు, అటు తిప్పారు. "ఇందులో అక్షరం లేదమ్మా. అక్షరం లేకపోతే అంకె లేదు. నేను కూడలేను."

"అట్లనొద్దు సామీ. అందరికీ ఇస్తివి. నాకు గూడా ఒగటి ఇయ్యి, చిన్నదైనా పరవాల్యా."

"ఎక్కడ చేర్చమంటారు? గీతల మధ్యనా?"

వైకుంఠంగారు దరఖాస్తు మీద 'తిరస్కరించడమైనది' అని ముద్ర వేశారు. "బోరు ఎండింది నాకు గూడా గదా" అంది అవ్వ. చేతివేలు చీర కొంగుకు తుడుచుకుంటూ వెళ్లిపోయింది.

ఆ సందడిలో అసలు తీర్మానం మిగిలిపోయింది. మళ్లీ సభ పెట్టేసరికి తోటల్లో కాయ పసుపు తిరుగుతోంది. ఇన్‌స్పెక్టరుగారు కూడా వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. కొత్త అక్షరాల వల్ల బోర్లలో నీళ్లు పడనందున రెడ్డెప్ప మళ్లీ మునుపటి కోపానికి వచ్చాడు.

"ముందు మూడు బాయిలర్ల మీద విచారణ జరగాల. దాని మీద ఓటు పెట్టండి!"

వైకుంఠంగారు చిరునవ్వు నవ్వారు. ఆయన నవ్వగా చూడటం నాకదే మొదలు. "ఓటుకు ముందు అర్హత పరిశీలన. నియమావళి ప్రకారము, రిజిస్టరులోని పేరును, షేరు సర్టిఫికెట్టులోని పేరును పోల్చి చూడగా అక్షరము పొల్లుపోకుండా సరిపోయినవారే సభ్యులు. మీ సర్టిఫికెట్ ఇవ్వండి రెడ్డెప్పగారూ."

ఇచ్చాడు.

"రిజిస్టరులో డీలు మూడు. ఇందులో రెండు. తాము సభ్యులు కారు. కూర్చోండి."

"నేనే రెడ్డెప్పను గదా!"

"ఏ రెడ్డెప్ప అన్నదే ప్రశ్న."

ఒక్కొక్కరినే పిలిచారు. ఒక్కొక్కరినే కూర్చోబెట్టారు. ఒకరి సర్టిఫికెట్టులో ఏ లేదు, ఒకరిదాంట్లో హెచ్ లేదు. పేర్లు మార్చమని దరఖాస్తులు రాయించిందీ వైకుంఠంగారే, మారిన పేర్లను నా చేత రిజిస్టరులోకి ఎక్కించిందీ ఆయనే. ఇప్పుడు ఆయన గొంతులో విజయం ఉంది. "తదనుగుణంగా, అనుమానము వ్యక్తపరచుటకు అర్హత గల సభ్యుడెవరూ లేనందున, అనుమానములన్నియు రద్దయినవి!"

అప్పుడు రెడ్డెప్ప తల గోక్కుంటూ అడిగాడు. "చైర్మన్ గారి కాయితం గూడా చూసినారా సార్?"

చైర్మన్‌గారు సర్టిఫికెట్ జేబులోంచి సగం తీసి, హెచ్ గుర్తొచ్చి, మళ్లీ లోపల పెట్టుకున్నారు. ఆయన పక్కన కూర్చున్న డైరెక్టర్లు నలుగురూ పేర్లు మార్చుకున్నవాళ్లే, కాగితాలు బయటికే తీయలేదు.

ఇన్‌స్పెక్టరుగారు వాచీ చూసుకున్నారు. "అయితే ఈ కంపెనీ ఎవరిదండీ? ఎవరిదీ కాదని రాసుకుని సీలు వేసుకు పోనా?"

నేను రిజిస్టరు తిరగేస్తూ ఉన్నాను. చెప్పిన పని చేయడం తప్ప నాకు వేరే తెలివి లేదు. పోల్చమన్నారు, పోలుస్తూ పోయాను. చివరి పేజీలో ఆగాను. "సార్, ఒకరున్నారు. పేరు మార్చుకోడానికి దరఖాస్తు పెడితే మనమే తిరస్కరించాం. సర్టిఫికెట్టు మీదా వేలిముద్రే, రిజిస్టరులోనూ వేలిముద్రే."

అందరూ వెనక్కి తిరిగారు. చెంగమ్మవ్వ స్తంభానికి ఆనుకుని కూర్చుని ఉంది. అలక ఇంకా తీరలేదు.

"ఏం, ఇప్పుడన్నా నాకు అచ్చరం ఇస్తారా?" అంది.

"వద్దవ్వా!" అని షెడ్డు షెడ్డంతా అరిచింది.

నేను వెళ్లి విషయం చెప్పాను. ఆవిడ రెండుసార్లు చెప్పించుకుంది.

"అయితే ఆ బాయిలరు నాదా?"

"రిజిస్టరు ప్రకారం నీదే అవ్వా. ఆరు కంపెనీలూ నీవే."

"నాకు ఆరొద్దు. బాయిలరు బాగుండాదా లేదా?"

"బాగుంది" అన్నారు ఇన్‌స్పెక్టరుగారు.

"అయితే అంటించండి. కాయ మాగతా ఉంటే ఈడ కుర్చీలేసుకోని కూర్చుండారు. ఆ చినిగిపోయిన జల్లెడ గూడా మార్చండబ్బా, మా కోడలు దినామూ చెప్తానే ఉండాది."

"మరి ఆ మూడు బాయిలర్లు?" ఇన్‌స్పెక్టరుగారు పెన్ను తీశారు.

"ల్యావు."

"యజమాని లేవన్నారు, అని రాస్తాను. ఇక్కడ వేలు పెట్టండి."

పెట్టింది. అది ఎనిమిదో నాలుగో ఎవరూ కూడలేదు. ఆ సాయంత్రం చిమ్నీలోంచి పొగ లేచింది.

సీజను మొత్తానికి సాగింది. పీచు పడలేదు, డబ్బాలు తిరిగి రాలేదు. పాత షేర్‌హోల్డర్లంతా తమ పాత అక్షరాలు తమకు ఇప్పించమని గేటు దగ్గర వరస కట్టారు. రెండు పేర్లవాడూ ఒక్కడేనని చెప్పడానికి కాగితాలు తెచ్చారు. వరసలో చైర్మన్‌గారు కూడా ఉన్నారు. రెడ్డెప్ప ఆయన ముందు నిలబడి చోటివ్వలేదు.

ఇంత జరిగాక వైకుంఠంగారు ఊరుకోలేదు. ఈ విపత్తుకు మూలకారణం అక్షరములని గుర్తించి ఒక సర్క్యులర్ తీశారు. ఇకపై కంపెనీలో సంతకములు చెల్లవు, పై అధికారుల నుండి కింది సిబ్బంది వరకు అందరూ వేలిముద్రే వేయవలెను. హాజరు పట్టీ దగ్గర సిరా దిండు పెట్టారు. నేనూ వేశాను. మా నాయన ఫ్యాక్టరీలో కూలి డబ్బులకు వేలు ఒత్తినవాడు. నా కొడుకు సంతకం పెట్టాల అని తోట కాపలా కాసి నన్ను చదివించాడు. ఆ సాయంత్రం నా వేలి మీద సిరా చూసి, "ఏం నాయనా, ఉద్యోగం పోయిందా?" అన్నాడు. ప్రమోషనని చెప్పాను.

తోతాపురి అయిపోవచ్చిన రోజుల్లో డాక్టర్ వాచస్పతి మళ్లీ వచ్చారు. చేతిలో కొత్త సంచి, అందులో భూతద్దం. చెంగమ్మవ్వ చైర్మన్ గదిలో కుర్చీ పక్కన నేల మీద కూర్చుని వక్క కత్తిరించుకుంటోంది.

"అమ్మా, మీ చేతిని శాస్త్రీయంగా పరిశీలించాలి. అక్షరశాస్త్రం పాతబడింది, ఇప్పుడంతా ముద్రాశాస్త్రమే. మీరు బొటనవేలు వాడుతున్నారు. అది నష్టదాయకం. చూపుడు వేలు గనక వాడితే కంపెనీ ఎక్కడికో పోతుంది."

అవ్వ అడకత్తెర కింద పెట్టింది. "చూపుడు వేలా?"

"చూపుడు వేలేనమ్మా."

"అప్పుడు నాకు ల్యాదంటివే" అని చూపుడు వేలు ఎత్తి, ఆయనకు గేటు చూపించింది.